త్వరగా ఆరే సిరా

ఆగస్టు 3

మామయ్యగారికి,

నమస్కారాలు. కవరు మీద మీ చిరునామా రాసి, ఒకసారి పైకి చదువుకున్నాను. మొన్నటిదాకా అది నా చిరునామా కూడా కదా. మీ దగ్గు తగ్గిందా? అత్తయ్య మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

మీ అబ్బాయి మీకు అంతా చెప్పే ఉంటాడు. అందుకని ఆ విషయం నేను మళ్ళీ రాయను. రాస్తే మీకూ బాధ, నాకూ బాధ. పెన్నుల గురించి రాస్తాను. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పెన్నుల మీద మనిద్దరికీ ఎప్పుడూ మాటా మాటా రాలేదు.

ఇక్కడి పశువుల ఆసుపత్రిలో డాక్టర్ని నేనొక్కదాన్నే. రేకుల కప్పు కింద పొడవాటి హాలు, మధ్యలో సిమెంటు బల్ల. తలుపులు తీసేసరికి కుక్కలు, దూడలు, మేకలు, వాటిని పట్టుకోలేక వాటితోపాటు అరిచే మనుషులు. ఎడమ చెయ్యి జంతువు మీద ఉంచి, కుడిచేత్తో కేసు కాగితం నింపాలి. అదీ నిలబడి. నేను తెచ్చుకున్న పెన్నుకి మర తిప్పే మూత. రెండో చెయ్యి ఖాళీ ఉండదు కాబట్టి పళ్ళతో తిప్పుతున్నాను. ఇక్కడ కాంపౌండరు ఒకావిడ ఉంది, నోరు ఊరుకోదు. "డాక్టరుగారూ, కరిచేవాటికి మనం మూతికి గుడ్డ కడతాం. మీకూ ఒకటి కట్టమంటారా?" అంది నిన్న.

కాగితం గులాబిరంగుది, పల్చటిది. ఇంకు పడితే చాలు, తాగేస్తుంది. అక్షరాలకి కాళ్ళు మొలుస్తాయి. తడిచెయ్యి తగిలిందా, మొత్తం అలుక్కుపోతుంది. ఒక కుక్కకి వెయ్యాల్సిన మందు మోతాదు అలాగే చెరిగిపోయింది. దాని యజమాని వెనక్కి వచ్చి అడగబట్టి సరిపోయింది. పోనీ బాల్ పెన్ను వాడదామంటే, నొక్కి నొక్కి సాయంత్రానికి మణికట్టు లాగేస్తోంది.

రోజువారీ పనికి నిలబడే పెన్ను ఏదో చెప్పండి. అందంగా ఉండక్కర్లేదు. మీ ఇంట్లో నా బల్ల మీద నల్ల పెన్ను వదిలేసి వచ్చాను. అది నాకు వద్దు. ఎవరికైనా ఇచ్చేయండి.

మీరు పెట్టిన పేరుతోనే,
డాక్టరమ్మ


ఆగస్టు 12

డాక్టరమ్మకి,

ఆశీస్సులు. నీ ఉత్తరం రాగానే చదవలేదు, ముందు వెనక్కి తిప్పి చూశాను. ఇంకు అవతలికి దిగింది. అంటే నీ పాళీ అవసరానికి మించి పోస్తోంది. సగం జబ్బు అక్కడే తెలిసిపోయింది. నువ్వు ఆవు నోరు తెరిచి చూసినట్టు నేను కాగితం వీపు చూస్తాను.

అబ్బాయి చెప్పాడమ్మా. ఉద్యోగమన్నాక కొన్నాళ్ళు దూరం తప్పదు. అందులో బాధపడాల్సిందేముంది? ఏడాదే కదా, ఇట్టే గడిచిపోతుంది.

మన పెన్నుల కొట్టుకి వచ్చేవాళ్ళు ముందు పెన్ను రంగు చూస్తారు, తరవాత పాళీ బంగారమా కాదా అని చూస్తారు. నేను ఏ కాగితం మీద రాస్తారని అడిగితే వింతగా చూస్తారు. పెన్నుకీ చెప్పుకీ పెద్ద తేడా లేదు. నడిచే దారిని బట్టి కొనుక్కోవాలి. నీది బురద దారి. బొటనవేలితో తోస్తే టక్కున ఊడే నొక్కుడు మూత కావాలి. ఒళ్ళు లావుగా, బరువు లేకుండా ఉండాలి. సన్నటి పెన్ను పట్టుకుంటే వేళ్ళు బిగుసుకుంటాయి, నీ నొప్పి అదే. పాళీ ఉక్కుదే తీసుకో. బంగారంది మెత్తన, నీ హడావిడికి నోరు విచ్చుకుంటుంది. సన్నరకమే నయం. వెడల్పు పాళీ ప్రేమలేఖలకి బాగుంటుంది గానీ మేక విరేచనాలకి పనికిరాదు.

సిరా విషయంలో మాత్రం సోకులకి పోవద్దు. ఊదా, ఆకుపచ్చ, మెరిసే నీలాలు చుక్క నీళ్ళు చూస్తే పారిపోయే రకం. నీలం-నలుపు పక్కా సిరా తీసుకో. రాసేటప్పుడు నీలంగా ఉండి, ఆరాక నల్లబడి కాగితాన్ని కరుచుకుంటుంది. దాంతో ఒకటే తంటా, పెన్నులో ఎండితే రాయి అయిపోతుంది. వారానికోసారి చన్నీళ్ళతో కడుగు. వేడినీళ్ళు పొయ్యకు.

రెండు పెన్నులు పంపుతున్నాను, ఒకటి మధ్యరకం పాళీ, ఒకటి బాగా సన్నం. రెండూ వాడి చూసి, ఆ గులాబి కాగితం మీదే రాసి పంపు. కూర్చుని రాస్తే ఒప్పుకోను.

నల్ల పెన్ను ఎవరికో ఇచ్చేయమంటావా, బాగుంది! రాయని పెన్ను గొంతు ఎండిపోతుందని ప్రతి ఆదివారం కడిగి, ఇంకు పోసి, నీ బల్ల దగ్గరే కూర్చుని నాలుగు లైన్లు రాసి మూత పెడుతున్నాను. మీ అత్తయ్య ఆ బల్ల మీద బట్టల మూటలు పెట్టబోతే కేకలేశాను. నువ్వొచ్చాక నీకే కావాలి కదా.

నీ మామయ్య


సెప్టెంబరు 2

మామయ్యగారికి,

నమస్కారాలు. "ఏడాదే కదా" అని రాశారు. ఎత్తిపొడుస్తున్నారో ఓదారుస్తున్నారో అర్థం కాలేదు. కాంపౌండరమ్మకి చదివి వినిపించాను. "పెద్దాయన మంచివాడిలా ఉన్నాడు" అంది. అయినా ఆవిడ జంతువులనే తప్ప మనుషులని సరిగ్గా అంచనా వెయ్యలేదు.

నల్ల పెన్ను కడగడం ఆపెయ్యండి. నేను అడగలేదు.

మీ పెన్నుల సంగతి. నొక్కుడు మూత ప్రాణానికి హాయిగా ఉంది. మధ్యరకం పాళీ ఇంకా ఎక్కువే పోస్తోంది. నిలబడి రాసిన కాగితం జతచేశాను, వీపు మీరే చూసుకోండి. సన్నరకం బాగానే ఉండేది గానీ గీరుతోంది. ఆ పాడు కాగితంలోంచి పీచు లేపి నోట్లో పెట్టుకుని, తరవాతి పదమంతా మీసాలతో రాస్తుంది. సిరా మాత్రం మీరన్నట్టే పక్కాది. ఒక మేక కేసు కాగితం లాక్కుని సగం నమిలింది. దాని నోట్లోంచి బయటికి తీస్తే అక్షరం చెక్కుచెదరలేదు. ఆ సిరాకి అంతకంటే యోగ్యతాపత్రం ఏం కావాలి?

సన్నగా రాస్తూ గీరకుండా ఉండే పాళీ ఉంటుందా? లేక రెండూ కావాలనడం అత్యాశా? ఈ మధ్య ఏది అడిగినా అత్యాశే అనిపిస్తోంది.

డాక్టరమ్మ


సెప్టెంబరు 15

డాక్టరమ్మకి,

ఆశీస్సులు. నీకు చిరాకుగా ఉన్నట్టుంది. కొత్త చోటు, ఒంటరితనం, ఎవరికైనా అంతే. పండూ ఫలమూ తింటూ ఉండు.

నీ కాగితం భూతద్దం కింద పెట్టి చూశాను. తప్పు పాళీది కాదు, నీ పట్టుది. నిలబడి రాసేటప్పుడు పెన్నుని గుంజలా నిటారుగా పట్టుకుంటున్నావు. అప్పుడు పాళీ దాని మొన మీదే నిలబడుతుంది. మొన కాగితంలో దిగబడి పీచు లేపుతుంది. నీ పట్టు మార్చుకోమని చెప్పను. ఆవు తంతుంటే పట్టు గురించి ఆలోచిస్తావా? పాళీనే నీకు తగ్గట్టు మార్చాను. మొన మీద కనిపించీ కనిపించనంత గుండ్రంగా అరగదీసి, నున్నరాయి మీద పట్టాను. ఈ పార్సిల్లో ఉంది.

ఏ చేతికా పాళీ అమ్మా. అంతదాకా ఎందుకు, మీ ఆయన ఆఫీసు అమ్మాయి ఒకామె ఉంది. పోయిన ఎండాకాలంలో, నువ్వు ట్రైనింగని వెళ్ళావు చూడు, ఆ రోజుల్లో అబ్బాయే వెంటబెట్టుకుని కొట్టుకి తీసుకొచ్చాడు. ఆ అమ్మాయిది ఎడమచేతి వాటం. మనం పెన్నుని లాగుతూ రాస్తాం, ఎడమచేతివాళ్ళు తోస్తూ రాస్తారు. ఏ పాళీ అయినా వాళ్ళకి ఎదురు తిరుగుతుంది. దాని ముక్కు కాస్త ఏటవాలుగా చెక్కి ఇచ్చాను. ఇంకో రెండుసార్లు వచ్చి సరిచేయించుకుని వెళ్ళింది. చివరికి వెన్నలా జారింది. నీ చెయ్యి అంతకంటే తేలిక.

కొత్త పాళీ ఎలా ఉందో వెంటనే రాయి.

నీ మామయ్య


సెప్టెంబరు 24

మామయ్యగారికి,

కొత్త పాళీతోనే రాస్తున్నాను. బాగా రాస్తోంది. గీరడం లేదు, పొయ్యడం లేదు.

పోయిన ఎండాకాలం అన్నారు. నేను ఇల్లు వదిలింది వానలు మొదలయ్యాక. నేను ఉద్యోగం చూసుకుని తనని వదిలేసి వెళ్ళిపోతే, ఆ ఒంటరితనంలో ఆ అమ్మాయి పరిచయమైందని మీ అబ్బాయి చెబుతున్నాడు. నాకు చెప్పాడు, మా అమ్మకీ చెప్పాడు. నేను ఇంట్లో ఉండగా ఆ అమ్మాయి సంగతి అడిగితే, నా బుర్రలో పురుగు తొలుస్తోందని, మంచి డాక్టరుకి చూపించుకోమని అన్నాడు. అలా అన్నాడు కాబట్టే ఈ ఉద్యోగం వెతుక్కున్నాను.

ఆగస్టు నెలాఖరున అతను విడాకుల నోటీసు పంపించాడు. అందులో నన్ను "భర్తను అకారణంగా విడిచి వెళ్ళినది" అని రాశారు. మా అమ్మ అదే నమ్మింది. ఫోన్ చేస్తే నా గొంతు విని పెట్టేస్తోంది.

మీకు ఇదంతా తెలుసనుకునే ఇన్నాళ్ళూ రాస్తున్నాను. "ఏడాదే కదా" అంటే వెక్కిరింత అనుకున్నాను. నల్ల పెన్ను కడుగుతున్నానంటే నన్ను ఏడిపించడానికే అనుకున్నాను. ఆ అమ్మాయి గురించి అంత మామూలుగా రాశారంటే, మీకు ఎవరూ ఏమీ చెప్పలేదని ఇప్పుడు అనిపిస్తోంది. అదే నిజమైతే, ఇలా తెలియాల్సి వచ్చినందుకు క్షమించండి.

నవంబరు మొదటివారంలో కోర్టువాళ్ళు పెట్టిన మధ్యవర్తి దగ్గరికి రమ్మన్నారు. మీరు వచ్చి ఒక్కమాట చెప్పండి, ఆ అమ్మాయి ఎండాకాలంలోనే మీ కొట్టుకి వచ్చిందని. నాకు మీ అబ్బాయి అక్కర్లేదు. అతని నుంచి ఏదీ అక్కర్లేదు. నాకు పిచ్చి లేదని ఒక మనిషి నలుగురిలో పైకి అనాలి. అంతే.

ఇంకొకటి. పెన్ను పరీక్షించి చూసేటప్పుడు ఎవరు ఏం రాశారో మీకు ఏళ్ళు గడిచినా గుర్తుంటుంది. ఆ అమ్మాయి ఏం రాసింది?

డాక్టరమ్మ


అక్టోబరు 9

అమ్మాయీ,

నోటీసు సంగతి నాకు తెలియదు. నీ మీద ఒట్టు. సాయంత్రం అబ్బాయి రాగానే అడిగాను. "నీకెవరు చెప్పారు?" అన్నాడు. కాదని మాత్రం అనలేదు. మీ అత్తయ్య వంటగదిలోంచి బయటికి రాలేదు. రాలేదంటే ఆవిడకి ముందే తెలుసు. ముందుగదిలో కూర్చుని పాళీలు అరగదీసుకునే ముసలాడికి చెప్పడం దేనికిలే అనుకున్నట్టున్నారు. ఇంట్లో ఇద్దరు మనుషులు నన్ను కుర్చీలా చూసి పక్కనుంచి నడిచిపోతున్నారని ఇవాళే తెలిసింది.

ఏం రాసిందని అడిగావు. పెన్ను చేతికిస్తే అందరూ సంతకం పెట్టి చూస్తారు. ఆ అమ్మాయి వాడి ముద్దుపేరు రాసింది. మనింట్లో తప్ప బయట ఎవరికీ తెలియని పేరు. వరసపెట్టి రాసుకుంటూ పోయింది. వాడు పక్కన నిలబడి నవ్వుతున్నాడు. నేను "పాళీ జారుతోందా అమ్మా?" అని మాత్రం అడిగాను. వాళ్ళు వెళ్ళాక ఆ కాగితం ముక్కలు చేసి బుట్టలో పారేశాను. ఎందుకు చించానో నన్ను అడక్కు.

మధ్యవర్తి పిలిచిన రోజుకి నేను వస్తాను. ధైర్యంగా ఉండు.

సీసాలో సిరా అడుగుకి వస్తే ఆ మడ్డి పెన్నులో పొయ్యకు, పాళీ పూడుకుపోతుంది.

నీ మామయ్య


అక్టోబరు 19

మామయ్యగారికి,

అనేక నమస్కారాలు. మీ ఉత్తరం నిలబడే చదివాను. చదివాక మళ్ళీ మొదటినుంచీ చదివాను. వస్తానన్నారు. ఆ ఒక్క ముక్కతో ఇన్ని నెలల బరువు దిగింది. మీ మీద పెట్టుకున్న కోపానికంతా క్షమాపణ అడుగుతున్నాను.

పక్కవాళ్ళ ఫోన్ నుంచి అమ్మకి చేశాను. పెట్టేసేలోపు గబగబా చెప్పేశాను, మామయ్యగారే వచ్చి చెబుతారు, ఆయన అబద్ధమాడే మనిషి కాదు, ఆయన మాటైనా నమ్ముతావా అని. అమ్మ ఈసారి ఫోన్ పెట్టెయ్యలేదు. తరవాత "వేళకి తింటున్నావా?" అని అడిగింది. ఆ మాట విని ఎన్నాళ్ళయిందో.

మీ పెన్ను ఇక్కడ పేరు తెచ్చుకుంది. కాంపౌండరమ్మ తనకీ ఒకటి కావాలంటోంది. ఆవిడ చెయ్యి రోకలిబండ, ఏ పాళీ అయినా వంగిపోతుంది. ఆవిడకి తగింది ఏదో ఆలోచించి పెట్టండి. నవంబరులో కలిసినప్పుడు ఆవిడ రాసిన కాగితం తెస్తాను.

మీ డాక్టరమ్మ


నవంబరు 10

అమ్మాయీ,

ఈ ఉత్తరం మొదలుపెట్టి చించాను. మళ్ళీ మొదలుపెట్టాను.

వస్తానన్నాను, వచ్చాను. చెబుతానని నేనెక్కడా రాయలేదు. కావాలంటే నా ఉత్తరం తీసి చూడు. ఈ మాట రాశాక నా మీద నాకే రోత పుట్టింది. అయినా కొట్టెయ్యడం లేదు, ఉన్నది అదే కాబట్టి.

ఆ రోజు పొద్దున బయలుదేరబోతుంటే మీ అత్తయ్య చెప్పులు వేసుకుంటూ చెప్పింది, ఆ అమ్మాయికి నెల తప్పిందని. నేనింకా గుమ్మం దాటలేదు. వాడు కారు దగ్గర నిలబడి, "నాన్నా, అక్కడ నువ్వు నోరు తెరిచావంటే మేం వేరే ఊరు వెళ్ళిపోతాం. పుట్టబోయే బిడ్డ మొహం కూడా చూడవు" అన్నాడు. గట్టిగా అనలేదు. గొడుగు తీసుకున్నావా అని అడిగినంత మామూలుగా అన్నాడు.

మధ్యవర్తి నన్ను అడిగినప్పుడు నువ్వు నా వైపు చూశావు. నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. అద్దాలు లేకపోతే అంత దూరంలో నీ మొహం కనబడదు. "కొట్టుకి ఎంతోమంది వస్తారండీ, ఎవరని గుర్తుపెట్టుకుంటాం" అన్నాను. ఆయన రాసుకున్నాడు. అంతటితో అయిపోయింది.

నీకు చదువుంది, ఉద్యోగముంది, వయసుంది. నువ్వు మళ్ళీ నిలబడగలవు. ఈ వయసులో నన్ను గదిలో ఒంటరిగా వదిలేస్తే నేను ఎవరితో మాట్లాడను? గోడలతోనా? ఇదంతా నీకు చెప్పి ఏం లాభం. చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

నీ గది వాళ్ళిద్దరికీ సర్దుతున్నారు. బల్ల తీసేశారు. నల్ల పెన్ను కొట్లో నా సొరుగులో పెట్టుకున్నాను.

పెద్ద పార్సిలు పంపుతున్నాను. నీ పక్కా సిరా, సీసాలు సీసాలుగా. నీ పెన్నుకి మారుపాళీలు, అన్నీ నీ పట్టుకే అరగదీసినవి. మీ కాంపౌండరమ్మకి లావుపాటి ఉక్కు పాళీ, ఎంత నొక్కినా వంగనిది. సిరా అయిపోయినప్పుడల్లా రాయి. నేను ఉన్నన్నాళ్ళూ నీ పెన్ను బాధ్యత నాది.

ఒక్క ముక్క రాయి అమ్మా. తిట్టయినా సరే.

మామయ్య


నవంబరు 24

పైన ఎవరికి అన్నది రాయలేదు. మీరు నాకేమవుతారో ఇప్పుడు తెలియడం లేదు.

విడాకుల కాగితాల మీద సంతకాలు అయిపోయాయి. "అకారణంగా విడిచి వెళ్ళినది" అన్న మాట అలాగే ఉంది, ఇంక ఎప్పటికీ ఉంటుంది. అమ్మకి చెప్పాను. "ఆయన అబద్ధమాడే మనిషి కాదని నువ్వేగా అన్నావు" అంది. నా గొయ్యి నేనే అంత శ్రద్ధగా తవ్వుకున్నాను. ఇప్పుడు అమ్మ ఫోన్ పెట్టెయ్యడం లేదు. అసలు తియ్యడమే లేదు.

మీరు ఉత్తరంలో ఒక సంగతి వదిలేశారు. అంతా అయ్యాక వరండాలో మీరు నా దగ్గరికి వచ్చారు. అత్తయ్య రెయిలింగు పట్టుకుని మెట్లు దిగుతోంది. మీ అబ్బాయి కారు తియ్యడానికి వెళ్ళాడు. మనిద్దరమే ఉన్నాం. ఇప్పుడైనా ఏదో అంటారనుకున్నాను. తప్పు చేశానమ్మా అని కాదు, ఏదైనా. మీరు నా చేతిలో పెన్ను వైపు చూసి, "సిరా త్వరగా ఆరుతోందా అమ్మా?" అని అడిగారు.

నేను "ఆరుతోంది మామయ్యా" అన్నాను.

మీరు చెప్పిన అబద్ధం కంటే నేను చెప్పిన ఆ జవాబే నన్ను ఎక్కువ తినేస్తోంది. అందరి ముందూ మీ చొక్కా పట్టుకుని నిలదియ్యాల్సింది. ఆ అమ్మాయి రాసిన ముద్దుపేరు గట్టిగా అరిచి చెప్పాల్సింది. మీ ఉత్తరం నా సంచిలోనే ఉంది. తీసి ఆ బల్ల మీద పడేస్తే మీ కొడుకుది, మీది, ఇద్దరి అబద్ధమూ ఒక్కసారే తేలిపోయేది. తియ్యలేదు. మీరే చెబుతారని ఆఖరి నిమిషం దాకా కూర్చున్నాను. మీరు చెప్పకపోయాక, మీ చేతిలోనే ఉండిపోయిన కళ్ళద్దాలు చూసి జాలి వేసింది. మీ ఇంట్లో నన్ను ముంచినవాళ్ళలో నాకు జాలి పుట్టించినవారు మీరొక్కరే. మీ అబ్బాయి మీద నాకున్నది కోపం, అది ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. మీ మీద ఉన్నది ఏమిటో పేరు పెట్టలేకపోతున్నాను.

నాకు చదువుందని, ఉద్యోగముందని రాశారు. నిలబడగలిగేవాళ్ళని ఎవరైనా తొయ్యొచ్చని మీ లెక్క కాబోలు. మనవడో మనవరాలో పుడితే సంతోషంగా ఉండండి. ఆ బిడ్డ మీద నాకేం కోపం లేదు. అంత మంచిదాన్ని కాకపోయినా, బిడ్డ మీద మాత్రం ఏమీ లేదు.

పార్సిలు విప్పకుండా తిప్పి పంపించాను. కాంపౌండరమ్మకి ఇక్కడి కొట్లోనే ఏదో కొనిచ్చాను. పెన్ను మాత్రం పంపలేదు. రేపు పొద్దున తలుపులు తీస్తే మళ్ళీ ఒక చెయ్యి జంతువు మీద ఉంటుంది, రెండో చేతికి ఇదే కావాలి. మీరు చేసిన వస్తువు లేకుండా నా పని జరగడం లేదు. అందుకు నాకు సిగ్గుగా ఉంది.

ఇంక ఉత్తరాలు రాయకండి. రాస్తే నేను చదువుతాను. నా భయమంతా అదే.